ఓక్‌బున్ అవ్వ చెప్పని సోది

"నీకు చెప్పను. లే, బయటికి నడు."

ఓక్‌బున్ అవ్వ సోది చూసే బియ్యం పళ్లెం పక్కకి నెట్టేసింది.

నారేకి తల కొట్టేసినట్టయింది. ఇన్వాంగ్ కొండ ఎక్కి, మోకాళ్లు పట్టేసేదాకా వరసలో కూర్చుంటే ఇదా మర్యాద?

నారే ఫోన్లో వారం వారం వచ్చే ఫాంటసీ నవల రాస్తుంది. మనుషుల చుట్టూ వెలుగు చూడగలిగే పిల్ల అందులో కథానాయిక. ఆ చూపు ఎలా ఉంటుందో తెలుసుకుందామని సియోల్‌లో సోది చెప్పేవాళ్ల గడపలన్నీ తొక్కింది. అందరూ "నీ చుట్టూ బంగారు వెలుగుంది తల్లీ" అన్నవాళ్లే. ఒక్కరి మాటా నమ్మబుద్ధి కాలేదు.

ఈ ముసలావిడ అలా కాదు. ఇందాకే, చేపలమ్మే ఆవిడ ఇంకా నోరు విప్పకముందే, "నీ మొగుణ్ణి తిట్టకే. ఇల్లు తాకట్టు పెట్టింది నీ మరిది" అనేసింది. ఆవిడ బావురుమంది.

తర్వాత నారే వంతు. అవ్వ పేరడిగింది, పుట్టిన రోజు, వేళ అడిగింది. నారే చెప్పింది. అంతే, బియ్యం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది, పళ్లెం పక్కకి పోయింది.

"నా చుట్టూ ఉన్న వెలుగు ఏ రంగో, అదొక్కటీ చెప్పవ్వా. కథ కోసం."

"చెప్పనన్నానా?"

"అందరికీ చెప్తున్నావుగా!"

"చెప్తాను. నీకు మాత్రం చెప్పను. ఏం చేస్తావ్?"

"తెలీదని ఒప్పుకో, పోతాను."

"ఒప్పుకోను. దొంగ సోదిగత్తెనని రాసుకో పో. నాకేం భయమా?"

"రాస్తా. నీ పేరు పెట్టి మరీ రాస్తా!"

"రాయవే. ముందు తిను. ఆ మొహం చూడు, ఎండిపోయి."

అవ్వ దేవుడి ముందున్న బేరిపండు తీసి ఆమె చేతిలో కుక్కి, తలుపేసుకుంది.

నారే ఆ పండుని మెట్లమీదే పడేసి దిగిపోయింది.

అన్నట్టే రాసింది. ఆ వారం కథలో ఓక్‌బున్ అనే దొంగ సోదిగత్తె నవ్వులపాలైంది. పాఠకులు విరగబడి నవ్వారు. రాసేవాళ్ల కసి అంటే అదే మరి, కలం చేతిలో ఉంటే ఎదుటివాళ్లకి నోరుండదు.

నెల తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది. ఆదివారం చర్చి తప్పని మనిషి. కూతురి రాతలు ఎన్నడూ చదవదు.

"కొండమీద ఓక్‌బున్ గారు పోయారటే. నల్లబట్టలు కట్టుకుని వెంటనే రా."

"ఆ ముసలిదాని చావుకా? నేను రాను. ఊరందరికీ సోది చెప్పి, నన్ను మాత్రం గెంటేసింది."

అమ్మ గొంతు తగ్గించింది.

"మూడేళ్లప్పుడు నువ్వు బతకవన్నారు నారే. నీ ఆయుష్షు నిలవాలని నీ పేరు తెల్లగుడ్డమీద రాసి, 'ఇక ఇది నీ బిడ్డే' అని ఆ గుడ్డ ఆవిడ ఒళ్లో పెట్టేశాను. చర్చిలో తెలిస్తే పరువు పోతుందని ఇన్నాళ్లూ దాచాను."

"బిడ్డనైతే మరి నాకెందుకు చెప్పలేదు? అందరికీ చెప్పిందిగా!"

"సోది చెప్పేవాళ్లు సొంత బిడ్డలకి చెప్పరే, తల్లీ."