చెంబు మీది పేరు

సోమమ్మ పాడిన పాట రాసుకోవడం పూర్తయింది. కొత్తకోటలోని ఆమె గుడిసెలో, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సారు పెన్సిలు ఆపి అడిగాడు.

“పాట కింద వేయాలి. మీ ఆయన పేరేమిటమ్మా?”

సోమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆ ఊరి ఆడవాళ్ల భయం. లోపలికి వెళ్లి ఇత్తడి చెంబు తెచ్చి, అంచు మీద చెక్కిన అక్షరాలు చూపించింది. సారు చూసి రాసుకున్నాడు.

“ఉన్నాడా ఆయన? మా పుస్తకాలకు ఒక పద్ధతి ఉందమ్మా. పోయినవాళ్లయితే పేరుకు ముందు కీర్తిశేషులు అని వేయాలి.”

“డ్యాము పనికని మేస్త్రీ ఎంబడి పోయిండు సారూ. మళ్ల రాలే. ఉన్నడని జెప్పెటోళ్లు లేరు, సచ్చిండని జెప్పెటోళ్లు లేరు.”

అలాంటివాళ్లకు ఏం వేయాలో పద్ధతిలో లేదు. సారు తటపటాయించాడు.

“గా మాట పెట్టకు సారూ” అంది సోమమ్మ.

ఆయన పెట్టలేదు.

“రాసింది జర సదువు.”

“పాడినవారు సోమమ్మ. భర్త కుర్మయ్య. ఊరు కొత్తకోట.”

“మళ్ల సదువు.”

చదివాడు. ఆమె కళ్లు మూసుకుని వింది.

“ఇంకొక్కసారి.”

“తప్పేమైనా రాశానా అమ్మా?”

“తప్పేం లేదు సారూ. నేను పలుకొద్దాయె. ఇంట్ల ఇంకో మనిషి లేకపాయె. గా పేరు చెవుల పడక ఎన్నేండ్లాయెనో.”