చెవిలో బిళ్ల

నాకు చూపు లేదని కాలేజీవాళ్లు నా చెవికి కెమెరా ఉన్న మాట్లాడే బిళ్ల ఒకటి తగిలించారు. బోర్డు మీది అక్షరాలే కాదు, సారు బట్టతల మీద వాలిన ఈగ ఏ జాతిదో కూడా అది చెబుతుంది. ఇప్పుడు ఏ కాలేజీలోనైనా ఇదే పద్ధతి. ఇదివరకు నా పక్కన కూర్చుని బోర్డు చదివిపెట్టిన మస్తానయ్య, ఇక పని లేదని చివరి బెంచీకి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ నా పక్కన నా సంచీ కూర్చుంటోంది. దాని హాజరు బాగానే ఉంది గానీ, జోకేస్తే నవ్వదు. బిళ్లేమో "హాస్యం గుర్తించాను" అంటుంది.

ఇవాళ ఉండబట్టలేక, బిళ్ల పాడైందని సారుకి అబద్ధం చెప్పాను.

"మస్తానూ, కోటేశుకి కాస్త చదివిపెట్టరా," అన్నారు సారు.

మస్తానయ్య వచ్చి, సంచీని కింద పడేసి కూర్చున్నాడు. "గుండె బొమ్మేశాడ్రా సారు. అచ్చం పుచ్చు వంకాయలా ఉంది."

"తప్పు," అంది బిళ్ల నా చెవిలో. నేను పగలబడి నవ్వాను.

కాసేపటికి మస్తానయ్య నా వైపు వంగాడు. "ఒరేయ్, నీ బిళ్ల మీద పచ్చలైటు వెలుగుతా ఉంది."

నా అబద్ధం దొరికిపోయింది. ఈగ జాతి చెప్పే బిళ్ల, తనకో లైటుందని ఇన్నాళ్లూ నాకు చెప్పనేలేదు. వాడిక లేచిపోతాడని, సంచీ కోసం కిందికి చెయ్యి చాపాను.

"రేపు టోపీ పెట్టుకుని రారా," అన్నాడు వాడు. "లేకపోతే లైటు సారుకి కనపడుద్ది."