గట్టిరొట్టె పరీక్ష

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, పళ్లన్నీ ఊడిన రేవు కూలీ ఫోల్కె దవడ ఎముకలో మేం టైటానియం మరలు బిగించి ఆరు నెలలైంది. ఈ ఉదయమే వాటి మీద కొత్త పళ్లు నిలబెట్టాం. అంతకుముందు ఈ వైద్యం ఎక్కువగా చవిచూసినవి కుందేళ్లే.

మా ప్రొఫెసర్ గారు వారం రోజులు జావ తాగమన్నారు. ఫోల్కె బుద్ధిగా తలూపి, జేబులోంచి రై ధాన్యపు పిండితో కాల్చిన, పలకలాంటి గట్టిరొట్టె తీశాడు.

"ఒక్క పన్ను ఊడినా మళ్లీ ఈ ఆసుపత్రి గడప తొక్కనివ్వను. బతికినన్నాళ్లూ బోసినోటితోనే ఉందువు గాని!" అంది భార్య గుడ్రున్, ముత్యాల్లాంటి పలువరస మెరిపిస్తూ. "కుందేలు వైద్యం నీకెందుకయ్యా?"

"నోరు మూసుకుని చూడవే!" అని ఫోల్కె రొట్టె కొరికాడు.

ఫటేల్‌మని చప్పుడైంది.

ఈ వైద్యం చరిత్ర రాసే బాధ్యత జూనియర్ డాక్టర్నైన నాదే కాబట్టి, ఊడిన పన్ను కోసం బల్ల కింద పాకాను. దొరికినవన్నీ రొట్టె ముక్కలే!

ఫోల్కె రెండోసారి కొరికాడు. మూడోసారి కొరికి, నర్సుని పట్టుకుని గిరగిరా తిరిగాడు. ప్రొఫెసర్ గారు కూడా గంతేశారు.

గుడ్రున్ నవ్వలేదు. నోట్లో చెయ్యి పెట్టి, ఆ ముత్యాల వరసలు రెండూ తీసి బల్ల మీద పెట్టింది.

"పెళ్లికి ముందు మా నాన్న ఇచ్చిన కానుక," అంది బోసిగా. "తర్వాత మొగుడికి పళ్ల ఖర్చు ఉండకూడదని, మా ఊళ్లో పెళ్లికూతుళ్లకి మంచి పళ్లు కూడా పీకించి ఈ కట్టుడు పళ్లు పెట్టించేవాళ్లు. ఈయనకి పాతికేళ్లుగా చెప్పలేదు. మీ మరలు నిలుస్తాయో లేదో చూద్దామనే వచ్చానండీ. నాకెప్పుడు బిగిస్తారు?"

ఫోల్కె మిగిలిన రొట్టెను ప్రొఫెసర్ గారి కాఫీలో మెత్తగా నానబెట్టి, పెళ్లాం నోటికి అందించాడు.