చెరపాల్సిన గొంతు

పరిశోధన ముగిశాక రోగుల మాటల రికార్డింగులన్నీ చెరిపేయాలి. అది యూనివర్సిటీ నియమం. ఆ రాత్రి నర్సింగ్ ల్యాబులో, సూదులు వేయడం నేర్పే బొమ్మల మధ్య ఒంటరిగా కూర్చున్న విద్యార్థినికి ఇంకొక్కటే మిగిలింది. తన పరిశోధనలో రోగిగా జవాబులిచ్చి, పోయిన నెల కన్నుమూసిన అమ్మది.

చివరిసారిగా వింది.

"నొప్పి ఎలా ఉందమ్మా?"

"నీ ప్రశ్నలకంటే నయమేనే తల్లీ!"

రికార్డింగు అయిపోయింది. చెరిపే మీట మీద వేలుంచి, మనసు ఊరుకోక, "ఇప్పుడెలా ఉందమ్మా?" అని ఖాళీ గదిలో అడిగింది.

ఆగిపోయిన రికార్డర్‌లో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

"నొప్పి లేదే. చీకటిగా ఉంది. అడుగుతూనే ఉండు, నీ గొంతు జాడ పట్టుకుని వస్తున్నా."

ఆమె మీట మీంచి వేలు వెనక్కి తీసుకుంది.

"ఎంత దూరంలో ఉన్నావమ్మా?"

ఈసారి జవాబు తలుపవతలి నుంచి వచ్చింది.