గోడ మీది పొలం

భూస్వామి తవిటినాయుడు గోడ మీది ఫోటో దింపేలోపే ఎస్సై లోపలికొచ్చేశాడు.

మునుపు చైనాలో మతప్రచారం చేసొచ్చిన మిషన్ దొర అక్కడి పల్లెలో పొలం పనివాళ్లని తీసిన ఫోటో అది. దొర దేశం వెళ్లిపోతూ సామాను వేలం వేయిస్తే, చట్రం బాగుందని నాయుడు పాడుకున్నాడు. ఇప్పుడు శ్రీకాకుళం కొండల్లో నక్సలైట్లకీ పోలీసులకీ కాల్పులు. చైనా పేరెత్తితే చాలు, జీపెక్కించేస్తున్నారు.

"ఎక్కడిదయ్యా ఈ పొలం?" ఎస్సై లాఠీతో అద్దం మీద తట్టాడు.

"మాదే బాబూ! గెడ్డ నీళ్లు దాటితే అవతలుంది."

"ఈ టోపీలేమిటి?"

"తాటాకు గిడుగులండీ. వానకి మా కూలోళ్లు ఎట్టుకుంటారు."

"మరి కళ్లు అలా చికిలించారేం?"

"ఎండ కదండీ."

"వానా ఎండా ఒక్కసారేనా?"

"ఆ రోజు కుక్కకీ నక్కకీ పెళ్లండి బాబూ."

ఎస్సై నమ్మలేదు. పెరట్లో పేడ ఎత్తుతున్న దాలమ్మని పిలిపించాడు.

"నిజం చెప్పు. ఈ పొలం ఎవరిది?"

నాయుడు ఆమెకేసి గుడ్లురిమాడు. దాలమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని, ఫోటోని తేరిపార చూసింది.

"నాయుడు బాబుదే."

"నీకెలా తెలుసు?"

"ఎందుకు తెల్దు బాబూ? గెడ్డ గట్టునున్న మా బూమీ ఇలాగే ఆయనదైపోనాది. నాదే అన్నాడు. నన్ను అవునని సెప్పమన్నాడు. పోలీసోరొచ్చి రాసుకున్నారు."

ఎస్సై జేబులోంచి పెన్ను తీసి, రాసుకున్నాడు.