నెమలి మెడ

"కాళ్ల కింద మెడ వచ్చిందేంది నాయనా?" మగ్గం మీది చీర కొంగు చూసి మంజులత నిలబడిపోయింది.

చౌడప్ప అటూ ఇటూ పోగు వేసే నాడె ఆపాడు. "కార్డులు ఎట్లుంటే అట్ల నేస్తి."

నెమలి డిజైనును ముక్కలుగా చేసి వరుసలో పేర్చే చిన్న కంప్యూటరు ప్రోగ్రాము, షెల్ స్క్రిప్టు, ఆమె రాసిందే. ఆ వరుసలోనే ధర్మవరం దుకాణంలో మగ్గానికి డిజైను చెప్పే చిల్లుల అట్టకార్డులు కొడతారు. ఆమె ల్యాప్‌టాప్ మ్యాక్, స్క్రిప్టు నడిపే దుకాణం కంప్యూటరు లినక్స్. దుకాణానికి ఫోన్ చేసి, అక్కడ వచ్చిన వరుస చదవమంది.

ఒకటో ముక్క తర్వాత పది, పదకొండు. రెండు ఎక్కడో వెనక.

"అదే కమాండును ఆ మిషను వేరేగా తీసుకునింది నాయనా. స్క్రిప్టు ఇప్పుడే సరిచేస్తా."

"చీర?"

నేసిన జరీ విప్పితే పట్టు పాడవుతుంది. చీర కోసం పెళ్లివాళ్లు రేపు వస్తారు.

"మెడ తప్పినప్పుడే ఆపాల్సింది గదా," అంది మంజులత.

"ఆపితి. నెమలి సరిగ్గా ఉండాదా అని నీకు ఫోన్ చేస్తి గదమ్మా."

మంజులతకు గుర్తొచ్చింది. బెంగళూరు ఆఫీసులో, తన ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఉన్న వరుస చూసి జవాబు చెప్పింది.

చౌడప్ప నాడెను ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకాడ బాగుండాది, నేయి అంటివి."