ఓడ పేలబోతుండగా

గదిలో ఒక మంచం, నీళ్ల కూజా, ఊచల కిటికీ. మూడు రోజులుగా జైల్లో అతని లోకం ఇదే. ఫోను తీసేసుకున్నారు. గేటు దాటనివ్వరు. గుమ్మం దగ్గర ముసలి వార్డరు కుర్చీ వేసుక్కూర్చున్నాడు.

పొద్దున డాక్టరు వచ్చి బీపీ చూశాడు. "నిద్ర పడుతోందా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. తర్వాత సూపరింటెండెంటు వచ్చాడు.

"రేపటిదాకా ఓపిక పట్టు. ఏమైనా కావాలా?"

"బొమ్మల కథల పుస్తకాలుంటే ఇప్పించండి సార్."

నలభై దాటిన మనిషి ఆ కోరిక కోరేసరికి సూపరింటెండెంటు తెల్లబోయాడు. కాదనలేదు.

జైలు లైబ్రరీ నుంచి అట్ట ఊడిన కామిక్స్ పుస్తకం వచ్చింది. సముద్రపు దొంగల కథ. అందులో బారెడు మీసాల వంటవాడు ఒకడు. ఉండేది ఓడలోనే అయినా నీళ్లంటే వాడికి హడలు. అతను చిన్నప్పటిలా బోర్లా పడుకుని, బొమ్మ బొమ్మకీ ఆగి చదివాడు. వంటవాడు "ధబేల్"మని పులుసు గంగాళంలో పడ్డచోట పగలబడి నవ్వాడు. మూడు రోజులుగా ముద్ద దిగని గొంతు అది. చదివినంతసేపూ రేపటి సంగతే గుర్తు రాలేదు.

సరిగ్గా ఓడ పేలబోతుండగా పుస్తకం అయిపోయింది.

"రెండో భాగం లేదా బాబాయ్?"

వార్డరు నసిగాడు. "ఉంది. చివరి గదిలో ఆయన చదువుతున్నాడు."

అంతలో గోడల అవతలనుంచి ఎవరో పడీపడీ నవ్వడం వినిపించింది. వంటవాడు మళ్లీ దేంట్లోనో పడ్డట్టున్నాడు. అతనికీ నవ్వొచ్చింది. మరుక్షణమే నవ్వు ఆపుకుని మంచం మీద లేచి కూర్చున్నాడు.

సాయంత్రం రెండో భాగం వచ్చింది.

"ముందే చివరి పేజీ చూడొద్దన్నాడు. మజా పోతుందట," అన్నాడు వార్డరు.

"నేనెవరో ఆయనకు తెలుసా?"

"తెలీదు. ఇంకొకాయన ఎదురుచూస్తున్నాడన్నాను. గబగబా ముగించి ఇచ్చేశాడు పాపం."

అతను పుస్తకం తెరిచాడు. మొదటి బొమ్మలోనే వంటవాడు నీళ్లలోకి దూకుతున్నాడు. ఈసారి నవ్వు రాలేదు.

తెల్లవారితే ఆ చివరి గదిలో మనిషిని ఉరి తీయాల్సింది తనే.